గడ్డమున్న అత్త

అవుజుయిట్టుక్ తీరం
1953 ఆగస్టు నెలాఖరు

అత్తా,

ఓడ రేపు పొద్దున వెళ్ళిపోతుందట. ఉత్తరం ఉంటే ఇమ్మన్నారు. ఇది దక్షిణాదికి వెళ్ళి, చలికాలమంతా అక్కడే పడి ఉండి, వచ్చే వేసవిలో ఇనుక్జువాక్ వస్తేగానీ నీ చేతికి చేరదు. అప్పటికి ఏం రాశానో నాకే గుర్తుండదు.

మేం బాగానే ఉన్నాం. జోబీ బాగానే ఉన్నాడు. ఓడలో మూడు వారాలు కక్కుతూనే ఉన్నాడు గానీ, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కుపానుకి మాత్రం ఏమీ కాలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, నావికుల మధ్య తిరిగి రెండు బిస్కెట్లు సంపాదించి తండ్రికి తెచ్చి పెట్టింది.

ఒక్కటే జరిగింది. మమ్మల్ని ఇక్కడికి తరలించేటప్పుడు సర్కారువాళ్ళు మనవాళ్ళందరినీ ఒకేచోట ఉంచుతామన్నారు కదా. ఇక్కడికి దగ్గర పడ్డాక అందర్నీ డెక్కు మీద నిలబెట్టి, మీరిటు, వాళ్ళటు అన్నారు. ఇన్నాళ్ళూ నాతో ఒకే కెటిల్లో టీ తాగినవాళ్ళని వేరే దీవికి తీసుకెళ్ళిపోయారు. మన ఊరివాళ్ళం నాలుగు గుడారాలవాళ్ళం మిగిలాం.

వెనక నల్లటి కొండ, ముందు సముద్రం, మధ్యలో రాళ్ళు. నిన్న పడుకునే పక్క కింద పరవడానికి కొమ్మలు ఏరుకొద్దామని వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. ఇక్కడ పొద అన్నదే లేదు అత్తా. అయినా బాగానే ఉన్నాం.

మాకు ఈ చోటు అలవాటు చెయ్యడానికట, ఉత్తరాది ముసలాయన్నీ ఆయన భార్యనీ కూడా ఓడెక్కించారు. వాళ్ళ మాట సగం అర్థం కాదు, మన మాట వింటే వాళ్ళకి నవ్వు. ఆ ముసలాయన రోజంతా పక్షి ఎముకతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చుంటాడు. బొడ్డుదాకా గడ్డం. జోబీ బల్లేన్ని చేతిలోకి తీసుకుని చూసి, "ఇదేంటయ్యా, దురద పెడితే వీపు గోక్కోవడానికా?" అన్నాడు. జోబీ నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషిని చూస్తేనే నాకు పడదు. ఆయన గురించి ఇంక రాయను.

రెండేళ్ళు ఉండి చూడండి, నచ్చకపోతే వెనక్కి పంపుతామని పోలీసాయన మళ్ళీ చెప్పాడు. మాకు అర్థమయ్యేలా రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

అమ్మ పెద్ద రాతి దీపం నీ దగ్గరే ఉంది. నూనె రాసి పెట్టు, రాయి పగలకుండా. రెండేళ్ళలో వచ్చి తీసుకుంటాను. మేం బాగానే ఉన్నాం.

నీ నివియాక్


ఇనుక్జువాక్
1954 జూలై, ఓడ వచ్చిన మర్నాడు

పిల్లా నివియాక్,

నీ ఉత్తరం నిన్న అందింది. "బాగానే ఉన్నాం" అని ఎన్నిసార్లు రాశావో లెక్కపెట్టాను. ఒక్కసారి రాసి ఉంటే నమ్మేదాన్ని.

ఓడ ఇంకో రోజు ఉంటుంది. ఇక్కడ నుంచి నేరుగా మీవైపే వస్తుంది కాబట్టి నా ఉత్తరం నెల తిరక్కుండా మీకు చేరుతుంది. నీది నాకు చేరడానికి ఏడాది. నేను చదివేది ఎప్పుడూ పోయినేటి నిన్నే. అందుకని మనిద్దర్లో ఎక్కువ నిజం రాయాల్సింది నువ్వు. ఆకలేస్తే ఆకలేసిందని రాయి. నాకేం గుండె ఆగిపోదు. మీ నాన్నని ఎత్తుకుని మూడు కరువులు దాటినదాన్ని.

కుపాను ఏం చేస్తోంది? దానికి గుర్తు చెయ్యి. బొడ్డు కోసింది నేను. మొదటి చొక్కా తొడిగింది నేను. "నీ చేతికి సీలు తానే వచ్చి చిక్కాలి" అని దాని చెవిలో చెప్పింది నేను. దాన్ని మనిషిగా చేసినమ్మని నేను. కాబట్టి అది కొట్టే మొదటి వేట నాది. పిట్టయినా సరే, చేపయినా సరే. ముందు నేను తినేదాకా వేటకి దాని చెయ్యి తెరుచుకోదు, మనలో అది మారేది కాదు. నాకు కింద పళ్ళు నాలుగే ఉన్నాయి, అవి కూడా ఊడేలోపు తొందరగా కొట్టమను.

ఇక్కడ ఈ ఏడు అడవి బాతులు విపరీతంగా దిగాయి. నువ్వు ఆల్చిప్పలు ఏరే రాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నీ చోటు వదిలిపెట్టి పక్కన ఏరుతున్నాను. నా పిచ్చి. దీపం వత్తులకి పత్తిగడ్డి ఒక సంచీడు పంపుతున్నాను, మీకక్కడ దొరుకుతుందో లేదో. నల్లపళ్ళు నూనెలో వేసి డబ్బాలో పెట్టాను. ఓడవాళ్ళు వాసన చూసి పారేస్తారేమోనని "మందు" అని రాశాను.

క్షయ ఉందేమోనని ఓడ డాక్టరు అందరికీ రొమ్ము ఫొటో తీస్తున్నాడు. నేను వెళ్ళలేదు. చొక్కా విప్పి పెట్టె ముందు నిలబడే వయసా నాది.

ఇంకొకటి. ఆయన గురించి ఇంక రాయనన్నదానివి, ఆయన్ని తిట్టినంత ఇంకెవర్నీ తిట్టలేదు. గడ్డం రాశావు, పళ్ళు కుట్టుకోవడం రాశావు. పేరు రాయలేదు. పేరేమిటి?

అత్త ఉకాలిక్


అవుజుయిట్టుక్
1954 ఆగస్టు

అత్తా,

నిజం రాయమన్నావు. రాస్తున్నాను.

నవంబరు మొదట్లో సూర్యుడు వెళ్ళిపోయాడు. రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు అనుకుంటూ కూర్చున్నాం. రాలేదు. మూడు నెలలకి పైగా రాలేదు. "అమ్మా, సూర్యుణ్ణి కూడా ఓడెక్కించి వేరే దీవికి పంపేశారా?" అని అడిగింది కుపాను. దాని ముందు నవ్వి, బయటికి వెళ్ళి ఏడ్చాను.

మంచు ఇల్లు కడదామంటే కోతకొచ్చే మంచే పడలేదు. ఇక్కడ గాలి ఎక్కువ, మంచు తక్కువ. క్రిస్మస్ దాకా గుడ్డ గుడారంలోనే ఉన్నాం. పొద్దున లేచేసరికి కుపాను జుట్టు గుడారానికి అతుక్కుని ఉండేది, గోరువెచ్చని టీ పోసి విడిపించేదాన్ని. నీళ్ళకి వాగు లేదు. సముద్రంలో నిలబడిపోయిన మంచుకొండ దగ్గరికి పోయి గొడ్డలితో కొట్టి తెచ్చుకోవడమే. ఒకరోజు మూటెడు గడ్డలు తెచ్చి కరిగిస్తే ఉప్పు. మళ్ళీ వెళ్ళాను.

మా తప్పు ఒకటుంది. మన దగ్గర చీకటి పడితే పడుకుంటాం. ఇక్కడ కూడా అలాగే వెలుతురు కోసం కాచుకున్నాం. దాచుకున్న మాంసం అయిపోయింది. కుక్కలు నాలుగు చచ్చిపోయాయి. చివరికి ఆ ముసలాయన వచ్చి గుడారాన్ని కాలితో తన్నాడు.

"ఉన్నారా పోయారా?" అన్నాడు.

"సూర్యుడు రానీ, వేటకి బయల్దేరతాను" అన్నాడు జోబీ.

"ఆయనొచ్చేసరికి ఫిబ్రవరి. అప్పటికి మిమ్మల్ని నా కుక్కలకి వెయ్యాలి. మీ ఒంటి మీద అవి తినేంత కండ కూడా లేదు. లే."

జోబీని గడ్డకట్టిన సముద్రం మీదకి తీసుకెళ్ళాడు. పిలవకుండానే కుపాను వెనకాల పోయింది. చీకట్లో కళ్ళతో పని లేదట అత్తా, చెవితోనూ కాలి బొటనవేలితోనూ పనట. గడ్డలో సీలు ఊపిరి పీల్చుకునే కన్నం దగ్గర నిలబడాలి. కాలు కదపకూడదు. అది వచ్చి బుస్సుమన్నప్పుడు పొడవాలి. ఆ బుస్సు జోబీకి వినిపించే ముందే కుపానుకి వినిపిస్తుందట. "ఈ పిల్లకి చెవులున్నాయి, తండ్రికి టోపీ ఉంది" అన్నాడు ముసలాయన. ఆ రోజు నుంచి దాన్ని రోజూ పిలుస్తాడు. నాకు ఇష్టం లేదు, పంపుతూనే ఉన్నాను.

బతికాం. సూర్యుడు తిరిగొచ్చిన రోజు కుపాను గంతులేసింది.

నీ నల్లపళ్ళు అందాయి. ఒక్కొక్కరం రోజుకి మూడేసి తింటున్నాం. పత్తిగడ్డి ఇక్కడ లేదు, అది బంగారం నాకు.

పేరు అడిగావు. పోలీసాయన పౌలుసి అని పిలుస్తాడు. అంతే.

వచ్చే వేసవికి రెండేళ్ళు. మూటలు కట్టుకునే ఉంటాం.

నివియాక్


ఇనుక్జువాక్
1955 జూలై

నివియాక్,

ఓడ దిగిన ఆఫీసరుని పట్టుకున్నాను. మా వాళ్ళని ఈసారి ఎక్కించుకుంటారా అని అడిగించాను. అక్కడ వాళ్ళు హాయిగా ఉన్నారు కదా, ఎందుకు రావడం అన్నాడు. రెండేళ్ళన్నారు కదా అంటే, తనకేమీ తెలియదన్నాడు. అప్పుడు రెండు వేళ్ళు చూపించారు, ఇప్పుడు భుజాలు ఎగరేస్తున్నారు.

రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. ఇప్పుడు ఒక మాట చెబుతాను, కోపమొస్తే రానీ. వస్తామన్న ఆశతో బతకండి, కాదనను. వచ్చేదాకా బతకడం వాయిదా వెయ్యొద్దు. మూటలు విప్పు.

పోయినేడు మీరు పడ్డది చదివి నా ముక్కు చీదుకున్నాను, తర్వాత నవ్వాను. పిల్ల జుట్టుకి టీ పోసిన తల్లిని నిన్నొక్కదాన్నే చూశాను.

పౌలుసి అన్నది చర్చి పేరు. పైన వేసుకునే కోటు. నేను అడుగుతున్నది లోపలి పేరు. నువ్వు దాస్తున్నావు. చిన్నప్పుడు బాతు గుడ్డు దొంగిలించి తిని ఇలాగే మూతి తుడుచుకునేదానివి, పచ్చసొన చెవి దగ్గర ఉండేది.

నా గురించి అడగొద్దు. కాస్త దగ్గు, అంతే.

ఉకాలిక్


అవుజుయిట్టుక్
1955 ఆగస్టు, సెప్టెంబరు దగ్గర పడింది

అత్తా,

నీ ఉత్తరం చదివి మూటలు విప్పాను. విప్పుతూ అన్నీ నేలకేసి కొట్టాను. జోబీ ఏమీ అనలేదు, ఒక్కొక్కటీ తీసి సర్దాడు. ఇక్కడి పోలీసాయన కూడా అదే మాట చెప్పాడు.

గుడ్డు సంగతి ఒప్పుకుంటున్నాను. అంతా రాస్తాను, మొదట్నుంచీ వరసగా.

జనవరిలో జోబీ కుక్కబండి గడ్డ పగులులో పడింది. బండి కాలి మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది. ముసలాయనే కట్టు కట్టాడు, కానీ జోబీ లేవలేడు. పోయినేటిలాగే తిండి అడుగంటింది. మన ఊరి తక్కిన మగవాళ్ళు తెల్ల ఎలుగుల కోసం దూరం వెళ్ళి గాలిలో చిక్కుకుపోయారు. ముసలాయనకి దొరికింది అన్ని గుడారాలకీ పంచితే ఒక్కొక్కరికీ పిడికెడు. చివరి వారం పాత బూటు తోలు ఉడకబెట్టి ఆ నీళ్ళు తాగాం. కుపాను మాత్రం రోజూ ఆయన వెంట గడ్డ మీదకి పోతూనే ఉంది.

ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు బయట కుక్కలు అరిచాయి. వెళ్ళి చూస్తే కుపాను తాడు భుజానికేసుకుని ఏదో లాక్కొస్తోంది. సీలు అత్తా. దానికంటే పొడవు. ముసలాయన దూరం నుంచి నడిచొస్తున్నాడు, చెయ్యి వెయ్యలేదు. "తనే పొడిచింది, తనే లాగింది, నేను చలికి వణుకుతూ నిలబడ్డాను" అని తన ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను కత్తి తీసుకున్నాను. కుపాను వెళ్ళి సీలు మీద కూర్చుంది.

"లే" అన్నాను.

"చేసినమ్మ తినలేదు" అంది.

"చేసినమ్మ ఎక్కడుందే? ఆవిడ ఇక్కడ లేదు."

"ఓడలో పంపుదాం. రాళ్ళ కింద పెడితే పాడవదు."

"ఓడ ఆగస్టులో వస్తుంది. అప్పటికి మనం ఉండాలి కదా."

"ముందు మనం తినేస్తే నా చెయ్యి మూసుకుపోతుంది. ఇంకెప్పుడూ సీలు రాదు. అప్పుడు కూడా చస్తాం." ఇంకా అంది, "చేసినమ్మ నా చెవిలో చెప్పింది. నువ్వు కూడా అక్కడే ఉన్నావట కదా."

జోబీ వైపు చూశాను, దాన్ని మందలిస్తాడేమోనని. పడుకునే అన్నాడు, "పిల్ల చెప్పింది తప్పు కాదు నివియాక్." ఆకలితో కళ్ళు గుంటలు పడ్డ మనిషి అన్న మాట అది. నేను మాత్రం నమ్మనా? కత్తి చేతిలో ఉంది, చెయ్యి లేవలేదు. ఒకరోజు గడిచింది. సీలు గుమ్మం దగ్గర గడ్డ కట్టుకుని ఉంది. పిల్ల దాని మీద పడుకుని నిద్రపోయింది. రెండో రోజు జోబీ మాట్లాడ్డం మానేశాడు.

ఇప్పుడు నేను దాచింది రాస్తున్నాను.

ఓడలో మొదటి వారం, ముసలాయన డెక్కు మీద కాలు జారి పడబోయాడు. ఆయన భార్య "ఉకాలిక్" అని కేకేసింది. నేను గిరుక్కున తిరిగాను. నువ్వే ఓడెక్కి వచ్చేశావనుకున్నాను అత్తా. చూస్తే ఈ గడ్డపాయన, పక్షి ఎముక నోట్లో పెట్టుకుని. ఆ క్షణం నుంచి నాకు ఆయనంటే పడలేదు. తర్వాత అందరూ పౌలుసి అనే పిలిచారు. నేను నిన్ను అత్త అనే అంటాను, పిల్ల చేసినమ్మ అంటుంది. నీ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, ఆయన పేరు మా ఇంట్లో తెలియదు. రెండూ తెలిసింది నా ఒక్కదానికే. నోరు మూసుకున్నాను.

ఎందుకంటే చెబుతాను. పేరు ఒకటైతే మనిషి ఒకటే అని నువ్వే నేర్పావు. ఆయన ఉకాలిక్ అని ఒప్పుకుంటే నువ్వు ఇక్కడే ఉన్నట్టు. నువ్వు ఇక్కడే ఉంటే ఇది మన ఊరైనట్టే. ఇక తిరిగి రావాల్సిన పనేముంది? అది నేను ఒప్పుకోలేకపోయాను. నా పంతం కోసం పిల్లని సీలు మీద కూర్చోబెట్టి రెండు రోజులు పస్తు పెట్టాను. సిగ్గేస్తోంది రాయడానికి.

రెండో రోజు కోటు వేసుకుని ఆయన మంచు ఇంటికి వెళ్ళాను. దీపం దగ్గర కూర్చుని బూటు కుడుతున్నాడు. ఆడదానిలా సన్నగా కుడతాడు.

గుమ్మంలోనే నిలబడ్డాను. చివరికి అన్నాను, "అత్తా."

తలెత్తాడు. భార్య సూది పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

"మా నాన్న అక్క పేరు ఉకాలిక్" అన్నాను. "నా కూతురి బొడ్డు కోసింది ఆవిడే."

కుడుతున్న బూటు పక్కన పెట్టాడు. మంచుతో చేతులు కడుక్కున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు కూడా. అప్పుడు కసిరాడు నన్ను. "ఏడాదిన్నరగా మేనత్త పక్కనే ఉంటే ఒక్కసారైనా పలకరించావా? నా తమ్ముడు నిన్ను ఇలాగేనా పెంచింది?"

అచ్చం నువ్వే. గొంతు ఒకటే వేరు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను అత్తా, ఇక్కడికి వచ్చాక ఎవరి ముందూ అంత ఏడవలేదు. ఆయన భార్య నా వీపు నిమిరింది.

మా గుడారానికి వచ్చాడు. సీలు మీద పడుకున్న కుపానుని లేపాడు. "నాకు మొదటి ముక్క ఇవ్వకుండా దాచుకుంటున్నావట, ఏమే?" అన్నాడు. పిల్ల కళ్ళు నులుముకుని నా వైపు చూసింది. "ఆయన పేరు ఉకాలిక్" అన్నాను. పిల్ల ఆయన గడ్డం వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "నీకు ముందే తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. అంతసేపు, అంత కోపంగా నన్నెప్పుడూ ఎవరూ చూడలేదు. తర్వాత లేచి పక్కకి జరిగింది.

కాలేయం ముందు కోశాం. ఆయన నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలాడు. మేమందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం. మింగాడు. "ఉప్పు తక్కువ" అన్నాడు. అని, పిల్లని అమాంతం ఎత్తి మంచులో దొర్లించాడు, మన దగ్గర చేసినమ్మలు చేసినట్టే. వాళ్ళ దగ్గర కూడా అలాగే చేస్తారట. ఆ తర్వాత మేం తిన్నాం. అన్ని గుడారాలకీ పంచి మేం తిన్నాం.

పిల్ల చెయ్యి తెరుచుకుంది అత్తా. మర్నాడే ఇంకోటి. సూర్యుడు వచ్చేలోపు మరో రెండు. జోబీ కాలు అతుక్కుంది, కాస్త వంకర. కుపాను ఆయన్ని చేసినమ్మా అనే పిలుస్తుంది, ఎవరు నవ్వినా పట్టించుకోదు. నేను అత్తా అంటాను. పోలీసాయనకి ఎంత చెప్పినా అర్థం కాలేదు.

ఇక నన్ను తిట్టు. తిట్టడానికి నీకు ఏడాది సమయం ఉంది.

నివియాక్


ఇనుక్జువాక్
1956 జూలై, ఓడ ఎక్కబోయే ముందు

ఉకాలిక్‌కి ఉకాలిక్ రాస్తున్నది.

నివియాక్ నీకు చదివి పెడుతుంది. చదివేటప్పుడు ఏడుపొస్తే ఆగమను, మళ్ళీ మొదలుపెట్టమను.

నువ్వు అక్కడ ఉన్నావని నాకు నిన్ననే తెలిసింది. పోయినేడు చలికాలంలో నాకు ఒంట్లో బాగాలేక ఏమీ సయించలేదు. నువ్వు అక్కడ సీలు కాలేయం తింటున్నావన్న మాట. నా పాలు నాకు అందింది. ఉప్పు తక్కువ అన్నావట. నేను కూడా అదే అనేదాన్ని.

నాకు కుట్టుపని రాదు. నేను కుట్టిన బూటులో నీళ్ళు దూరతాయని ఊరంతా నవ్వుతారు. నా కుట్టుపనంతా ఎక్కడికి పోయిందా అనుకునేదాన్ని, అది నీ దగ్గర ఉందట. ఉంచుకో. గడ్డం ఒకటి నాకెప్పుడూ రాలేదు, ఆ లోటు కూడా నువ్వు తీర్చావు.

నివియాక్‌ని తిట్టాల్సింది నువ్వు తిట్టేశావు కాబట్టి నేను తిట్టను. ఇంత పొడుగు పంతం అది నా దగ్గరే నేర్చుకుంది. ఒక్కటి మాత్రం దానికి చెప్పు. అక్కడ నేనున్నంత మాత్రాన ఇక్కడ లేకుండా పోలేదు. అది ఇక్కడికి వస్తే అత్త ఉంటుంది, అక్కడే ఉంటే అత్త ఉంటుంది. తిరిగి వస్తామని అడగడం మానొద్దు. ఏటా అడగమను. నేను కూడా ఇక్కడ అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను దాచింది. ఈసారి డాక్టరు నన్ను పట్టుకున్నాడు. రొమ్ము ఫొటోలో మచ్చలున్నాయట. దక్షిణాదిన ఆసుపత్రిలో ఏడాదిన్నర ఉండాలట, మందులున్నాయి, నయమవుతుందన్నాడు. నేను నమ్మాను. అబద్ధం చెప్పేవాళ్ళని ఈ మధ్య బాగానే చూశాను, ఇతను అలా లేడు.

ఎక్కేది ఈ ఓడే. ఇది ముందు మీవైపు వచ్చి, తర్వాతే దక్షిణాదికి పోతుంది. ఈ ఉత్తరమూ నేనూ ఒకే ఓడలో వస్తున్నాం. రోగులని ఒడ్డుకి దిగనివ్వరట, ఒడ్డువాళ్ళని పైకి ఎక్కనివ్వరట. అందుకని ఉత్తరం దిగుతుంది, నేను దిగను. కొండవైపు రెండో గుండ్రటి కిటికీ నాది.

వాళ్ళమ్మ దీపం మూటలో ఉంది, ఉత్తరంతో పాటు దించమని చెప్పాను. అది నా దగ్గర మూడేళ్ళు చల్లగా పడి ఉంది. దీపం చలిలో కాచుక్కూర్చోవడం నాకు నచ్చలేదు. వెలిగించండి. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చు, అది బరువే గానీ మొయ్యలేనిది కాదు.

ఉకాలిక్


ఒడ్డు నుంచి ఓడకి
1956 ఆగస్టు, ఇవాళే

ఉకాలిక్‌కి,

నేను చెబుతుంటే కుపాను రాస్తోంది. నాకు చదవడం రాదు కాబట్టి నేను చెప్పనివి కూడా రాస్తుంది, తెలుసు.

నీ ఉత్తరం నివియాక్ చదివింది. నాలుగుసార్లు ఆగింది. ఇప్పుడు బయట నిలబడి ఓడ కేసి చూస్తోంది, పలకరిస్తే పలకడం లేదు. మన తమ్ముడి కూతురు ఎప్పుడూ ఇంతే.

నాకు ఈమధ్య నడుము నొప్పి. అది నీ దగ్గేనని ఇవాళ తెలిసింది. తొందరగా తగ్గించుకో, నాకు వేటకి అడ్డంగా ఉంది. అక్కడ ఉడకబెట్టిన మాంసమే పెడతారట, మొహం చిట్లించకుండా తిను. మంచం మీద పడుకోబెడతారట, పడుకో. నేను ఇక్కడ నడుస్తాను. నువ్వు బాగుపడి ఇనుక్జువాక్ వెళ్ళు, నేను ఇక్కడే ఉంటాను. మనం ఇద్దరం ఉన్నాం కాబట్టి ఎవరూ మనల్ని ఒకేసారి తరలించలేరు.

(కుపాను రాస్తున్నాను. ఇది చెప్పి ఆయన ముక్కు తుడుచుకున్నాడు. చేసినమ్మా, నువ్వు చెవిలో చెప్పిన మాట నిజమైంది, సీలు తానే వస్తోంది. లెక్క మర్చిపోయాను. ఇవాళ పొద్దున ఓడ కనబడగానే నేనూ నాన్నా పడవేసుకుని వెళ్ళి ఇంకోటి కొట్టాం. కాలేయం బకెట్టులో పెట్టాం, ఇంకా వెచ్చగా ఉంది. సామాను పడవ నడిపేవాడికి నేను కుట్టిన చేతితొడుగులు ఇచ్చాను, బకెట్టు నీ మంచం దాకా తెస్తానన్నాడు. బకెట్టు మీద "మందు" అని రాశాను.)

ఈ పిల్ల ఏదో ఎక్కువసేపు రాస్తోంది. సరే.

దీపం వెలిగించాం. పట్టపగలు, ఎండలో, నీకు కనబడదు. నువ్వు పంపిన పత్తిగడ్డి ఇంకా కాస్త మిగిలింది, ఆ వత్తే వేశాం.

నువ్వు ముందు తిను. నువ్వు మొదలుపెట్టేదాకా ఇక్కడ ఎవరూ ముట్టుకోరు, ఈ పిల్ల మళ్ళీ సీలు మీద ఎక్కి కూర్చుంది. ఆకలేస్తోంది, ఆలస్యం చెయ్యకు. తినేటప్పుడు కిటికీ దగ్గరికి రా. ఒడ్డున చేతులూపుతున్నవాళ్ళు నీ వాళ్ళు. ఊపకుండా, గడ్డం పెట్టుకుని, నీ నోటి వైపే చూస్తున్నది నువ్వు.

ఉకాలిక్